తాతయ్య కాగితాలు, ఎర్ర పెన్సిలు నంబర్లు

పాత మిద్దె పడగొడుతున్నామని 2022 ఏప్రిల్‌లో మామయ్య ఫోన్ చేశాడు. "కొట్టుగదిలో మీ తాతయ్య కాగితాలున్నాయి. అందరూ తూకానికి వేసేద్దామంటున్నారు. నువ్వు పిల్లలకు సోషల్ చెబుతావు గదా, ఒకసారి వచ్చి చూడమ్మాయ్" అన్నాడు. బడికి సెలవులిచ్చిన మర్నాడే ఒంగోలులో పొదిలి బస్సెక్కాను. వారంలో తేల్చేసి రావచ్చనుకున్నాను. రెండు వేసవులు, మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు, లెక్కలేనన్ని ఆదివారాలు పట్టింది.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. అరవైల్లో ఒకసారి, డెబ్బైల్లో ఒకసారి ఎమ్మెల్యేగా చేశారు. ఆయన పేరు గానీ నియోజకవర్గం పేరు గానీ ఇక్కడ రాయను. కారణం ఆ కాగితాల్లోనే ఉంది, చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. పొదిలి, దర్శి, కనిగిరి మధ్య మెట్టపల్లెల మనిషి అని మాత్రం చెప్పగలను. నేను మూడో తరగతిలో ఉండగా పోయారు. నాకు గుర్తున్నదల్లా వసారాలో పడక్కుర్చీ, దాని పక్కన భుజాన తువ్వాలుతో ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉండడం.

కొట్టుగదిలో ఒక భోషాణం, రెండు రేకుపెట్టెలు, అటక మీద నాలుగు గోతాలు. భోషాణంలోనూ పెట్టెల్లోనూ పాత పంచె గుడ్డల్లో చుట్టి నవారుతో కట్టిన మూటలు, లెక్కపెడితే 43. గోతాల్లోవి చెదలు తినగా మిగిలినవి. ఒక గోతంలో చెయ్యి పెడితే కాగితం రాలేదు, మట్టి వచ్చింది. అంతకుముందే, ఆస్తి పంపకాలప్పుడు, ఇంకో రెండు గోతాలు పాత పేపర్ల బండికి వెళ్ళిపోయాయట. ఆ మాట అత్తయ్య మెల్లగా చెప్పింది. ఆమెను అనడానికేముంది? మనిషే పోయాక ఆ కాగితాలు ఎవరికి పనికొస్తాయని ఇల్లంతా అనుకున్నదే.

మొదటి మూడు రోజులు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ముందు పెద్దవాళ్ళ ఉత్తరాల కోసం వెతికాను. మంత్రుల లెటర్‌హెడ్లు, ఢిల్లీ ముద్రలున్న కవర్లు కనిపిస్తే చాలు, పక్కకు తీసి పెట్టాను. తర్వాత ఐదు మూటలు విప్పి, గుండుసూదులు లాగేసి, వసారా నిండా కుప్పలు పోశాను: నీళ్ళు ఒకటి, రోడ్లు ఒకటి, ఉద్యోగాలు, భూములు, పొగాకు, పార్టీ సంగతులు, ఇంటి సంగతులు. బడిలో చార్టులు సర్దే అలవాటు గదా, చక్కగా వచ్చిందనుకున్నాను. నాలుగో రోజు ఉదయం, హైదరాబాదులో పాత రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఫోన్ చేశాను. మా కాలేజీ మేడం ద్వారా పరిచయం. సార్ అనే పిలుస్తాను. నేను చెప్పిందంతా విని ఆయన ఒకటే అడిగారు.

"ఏ కాగితం ఏ మూటలో, దేని పక్కన ఉందో రాసుకున్నావా అమ్మా?"

రాసుకోలేదు.

కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. తర్వాత కోప్పడకుండా విడమరిచి చెప్పారు. ఒక మనిషి కాగితాలను ఆ మనిషి ఏ వరసలో పెట్టుకున్నాడో ఆ వరసే సగం సమాచారం. దేనికి ఏది జతచేశాడు, దేన్ని విడిగా దాచాడు, దేన్ని పట్టించుకోలేదు, ఇవన్నీ ఆ కట్టలోనే ఉంటాయి. వరస చెడితే మిగిలేవి విడి కాగితాలే. "ఇంక ఏ మూటా విప్పకు. విప్పినవి ఎట్లా ఉన్నవి అట్లా ఉంచు. మిగతా 38 మూటలకూ బయట చీటీ కట్టి, ఏ పెట్టెలో ఎన్నోదో రాయి. పెన్సిలుతో రాయి, పెన్నుతో కాదు" అన్నారు.

అప్పటినుంచి పని చిన్నపిల్లలకు అన్నం తినిపించినట్టు నిదానంగా సాగింది. తెల్ల చేతితొడుగులు కొనుక్కుపోయాను గానీ సార్ వద్దన్నారు. తొడుగు వేసుకుంటే కాగితం అంచు వేళ్ళకు తెలియదు, చింపుతాం. చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలు, ముక్కుకు మాస్కు మాత్రం తప్పదు. మెత్తటి బ్రష్షుతో మధ్యనుంచి అంచులవైపుకు దుమ్ము దులపాలి. ఎండలో ఆరబెట్టకూడదు. సెల్లోటేపు దగ్గరికి రానివ్వకూడదు.

అన్నిటికంటే కష్టం గుండుసూదులది. యాభై ఏళ్ళ తుప్పుకు సూది కాగితంలో కలిసిపోయి ఉంటుంది. లాగితే చుట్టూ గోరంత మేర ఊడి వస్తుంది. మొదటి మూడు రోజులు నేను చేసింది అదే. సన్నటి ప్లాస్టిక్ పట్టీని సూదికీ కాగితానికీ మధ్యన దూర్చి, సూదిని ఆ పట్టీ మీదుగా కొంచెం కొంచెంగా జరపాలి. ఒక్కో సూదికి రెండు నిమిషాలు. సూది వచ్చాక అక్కడ ఎర్రటి గీత మిగులుతుంది, దాన్ని చెరపకూడదు. ఏ రెండు కాగితాలు కలిసి ఉండేవో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఎర్రగీతలు ఒకదానిమీద ఒకటి సరిపోతే ఆ రెండూ ఒక జత. తర్వాత ఆ గీతలే నన్ను ఆదుకున్నాయి.

పురుగు మందుకు బదులు చలి పెట్టమన్నారు. మా స్నేహితురాలి వాళ్ళకు దర్శిలో ఐస్‌క్రీముల డీప్ ఫ్రీజర్ ఖాళీగా ఉంది. ఒక్కో మూటను దళసరి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి పోయేలా అదిమి, మూతి బిగించి, మైనస్ 20 దగ్గర రెండు వారాలు ఉంచాం. బయటికి తీసిన వెంటనే సంచి విప్పకూడదు. ఒక రోజంతా అట్లాగే వదిలేయాలి, లేకపోతే లోపలి కాగితానికి చెమ్మ పడుతుంది. 43 మూటలకూ వంతులు వేసుకుని చేసేసరికి నాలుగు నెలలు పట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ఆమె నాకు ఫోన్ చేసేది, నేను ఇక్కడ ఒంగోలులో దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

ఒక్క ఉత్తరం మాత్రం చేజారింది. ఒక ముఖ్యమంత్రి స్వయంగా రాసిన ఉత్తరాన్ని గోడకు తగిలించాలని ఇంట్లో ఎవరో చాలా ఏళ్ళ క్రితమే లామినేషన్ చేయించారు. ఆ వేడికి సిరా పాలిపోయింది, ప్లాస్టిక్ పసుపు పట్టింది. ఇప్పుడు దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు. మీ ఇళ్ళల్లో పాత ఉత్తరాలుంటే దయచేసి ఈ పని చేయకండి.

సగం అర్జీల మీద తేదీ ఉండదు. రాసినవాళ్ళకు అది ఈ రోజే, తేదీ ఎందుకు? అక్కడ నాకు నా పాఠాలే పనికొచ్చాయి. మా ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. కాబట్టి నెల్లూరు కలెక్టరు గారికి పంపాలని వేడుకున్న అర్జీ 1970కి ముందుది. 'ఒంగోలు జిల్లా' అని ఉంటే ఆ రెండేళ్ళ మధ్యది. పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. తాలూకా, సమితి పోయి మండలం అని కనబడిందంటే 1985 దాటింది. 'మొన్నటి గాలివాన' అని మాత్రమే ఉన్న కాగితాల కోసం వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళి పాత పత్రికలు తిరగేశాను. 1918లో పుట్టిన గ్రంథాలయం, భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడి చెక్కబల్ల దగ్గర కూర్చుని 1979 మే తుపాను వార్తలు చదువుతుంటే, మా మూటలో అర్జీ పెట్టుకున్న మనిషి కూలిన పొగాకు బ్యారన్, అంటే ఆకు కాల్చే కొట్టం, కళ్ళకు కట్టింది.

ఇక ఆ అర్జీల సంగతి. మంత్రుల ఉత్తరాలు, ఢిల్లీ కవర్లు అన్నీ కలిపితే అరవై దాటలేదు. చాలావరకు అందిన సంగతి, తగు చర్య, నమస్కారాలు, అంతే. మిగతా వేలకు వేలు పల్లెలవే. బడి నోటుపుస్తకంలో చింపిన కాగితం, సిగరెట్ పెట్టె అట్ట, ఇన్‌లాండ్ కవరు, ఒకచోట పెళ్ళిశుభలేఖ వెనకవైపు. మొదలు 'మహారాజశ్రీ ఎమ్మెల్యే గారి సముఖమునకు', చివర ఊదారంగు వేలిముద్ర, పక్కన 'ఇది ఫలానా వారి నిశానీ' అని ఇంకొకరి చేతిరాత.

సిమెంటు అడిగిన కాగితాలు ఎన్నో. కూతురి పెళ్ళికి ముందు ఇంటికి గచ్చు చేయించుకోవాలి, పది బస్తాలకు పర్మిటు ఇప్పించమని. 1982లో కంట్రోలు సడలేదాకా సిమెంటు బస్తాకు కూడా ఎమ్మెల్యే సిఫారసు కావలసి వచ్చేదని మా స్కూలు పిల్లలకు చెబితే నమ్మలేదు. పొగాకు కాగితాలది ఇంకో దుఃఖం. వ్యాపారి బేళ్ళు ఎత్తుకుపోయాడు, రెండేళ్ళయినా డబ్బివ్వలేదు, అడగబోతే గ్రేడు తగ్గిందంటాడు. మా జిల్లాలో వేలం పద్ధతి 1985లో గానీ రాలేదు. అంతదాకా రైతుకు రాతకోతలు లేవు, మాటే చీటీ. ఈ మూటలు చదివాక పొదిలి వేలం ప్లాట్‌ఫారం ముందునుంచి బస్సు వెళుతుంటే నేను తల తిప్పి చూడకుండా ఉండలేకపోతున్నాను.

అన్నిటికంటే పెద్ద కుప్ప నీళ్ళది. నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల పళ్ళకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో వైద్యులు 1937లో మొదట గుర్తించి రాసింది ఈ ప్రాంతం గురించే. అప్పటికిది మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా. అంటే తాతయ్యకు మొదటి నీళ్ళ అర్జీ అందేసరికి ఆ జబ్బుకు పేరు పెట్టి ముప్పై ఏళ్ళు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ఈనాడు మనకు తెలుసు. వాళ్ళకు తెలిసింది వేరే లెక్క: బడికి వెళ్ళే పిల్లల్లో ఎందరికి పళ్ళు గారపట్టాయి, నలభై ఏళ్ళకే నడుము వంగినవాళ్ళు వీధికి ఎందరు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఊరి పేరు విని ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళారు. ఒక అర్జీలో ఇంటింటి లెక్క ఉంది. ఏ ప్రభుత్వ సర్వేలోనూ నేను అంత శ్రద్ధ చూడలేదు.

ఆ చేతిరాత నాకు ఎక్కడో చూసినట్టనిపించింది. గుండ్రటి అక్షరం, దీర్ఘం చివర చిన్న కొక్కెం. వెతికితే వేరే ఊరి అర్జీలో అదే రాత. ఇంకో ఊరిది, అదే రాత. చివరకు తొమ్మిది ఊళ్ళు తేలాయి, అన్నీ ఒకే వారంలో. ఎవరో ఒక మనిషి ఊరూరా తిరిగి, ఒకరికొకరు తెలియని జనాల చేత ఒకే మాట చెప్పించాడు. నేను పోసిన కుప్పల్లో ఇవి 'నీళ్ళు' అనే ఒక్క మాట కింద కలిసిపోయాయి. వాటి వారం, వాటి వరస నేనే చెరిపాను.

దాదాపు ప్రతి అర్జీ కుడివైపు పైమూలన ఎర్ర పెన్సిలుతో ఒక నంబరు ఉంది. మొదట అది దేనికో లెక్కలే అనుకున్నాను. మూటలో 212 పక్కన 640, దాని పక్కన 1,187, మళ్ళీ 213. ఒక వరసా లేదు, పాడూ లేదు. తాతయ్య దగ్గర రాతకోతలు చూసిన గుమాస్తా గారు కందుకూరులో ఉన్నారని అమ్మ చెప్పింది. 2023 మే నెలలో వెళ్ళాం. ఎనభై దాటిన మనిషి, చూపు సన్నగిల్లింది గానీ జ్ఞాపకం చెక్కు చెదరలేదు. అమ్మను చూడగానే పేరుపెట్టి పిలిచి, కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించారు. "నేనీ ఇల్లు కట్టినప్పుడు ఇది నెల్లూరు జిల్లా. తర్వాత ప్రకాశం. పోయినేడు మళ్ళీ నెల్లూరు. కాగితం మీద ఊరు మారుతుంటది, నంబరు మారగూడదమ్మా" అన్నారు.

ఎర్ర నంబర్ల సంగతి అడిగాను. ఆయన లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన మూడు బౌండు పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. తాతయ్య పోయాక ఎవరూ అడగలేదు, ఆయన పారేయలేదు. అంతే.

అది అర్జీల రిజిస్టరు. నంబరు, తేదీ, ఊరు, ఎవరు, సంగతి, ఎవరికి రాశాం, ఏమైంది. ప్రతి పేజీకీ స్కేలుతో గీసిన ఏడు గళ్ళు. జవాబు పంపితే సున్నా చుట్టారు. మనిషి మళ్ళీ వస్తే 'తి' అని రాశారు, తిరిగి వచ్చారు అని. కొన్నిచోట్ల 'తి తి తి'. పని అయితే టిక్కు, కాకపోతే 'కా'. పాత సంగతి మీద కొత్త అర్జీ వస్తే '212తో జత' అని రాసి, రెండింటినీ ఒకే సూదితో గుచ్చారు. అందుకే మూటలో నంబర్ల వరస తప్పినట్టు కనిపించింది. ఆ జతలనే నేను సూదులు లాగి విడగొట్టాను.

ఆ వేసవి సెలవుల్లో పదహారు రోజులు రిజిస్టరు ముందు పెట్టుకుని, ఐదు మూటల కాగితాలు తిరిగి జతచేశాను. రిజిస్టరులో జత రాయనిచోట తుప్పుగీతలు సరిచూసి కలిపాను. రెండూ కుదరనివి పదకొండు మిగిలాయి. వాటిని విడి ఫోల్డరులో పెట్టి, వరస చెడింది నావల్లేనని, ఎప్పుడు, ఎట్లా చెడిందో చీటీ రాసి లోపల ఉంచాను. రేపు చదివేవాళ్ళు తాతయ్యో గుమాస్తా గారో అట్లా పెట్టారని అనుకోకూడదు.

జతలు కలిశాక కాగితాలు మాట్లాడడం మొదలుపెట్టాయి. 212 ఒక ఊరి మంచినీళ్ళ బావి అర్జీ. 640 అదే ఊరిది, మూడేళ్ళ తర్వాత. 1,187 ఇంకో నాలుగేళ్ళకు. మధ్యలో తాతయ్య శాసనసభలో వేసిన ప్రశ్న కార్బన్ కాపీ, దానికి వచ్చిన జవాబు సైక్లోస్టయిల్ ప్రతి. అసెంబ్లీ చర్చల అచ్చు సంపుటంలో ఆ ప్రశ్న దొరికింది, ఆ ఊరి పేరు మాత్రం అందులో లేదు. చివర గడిలో గుమాస్తా గారి చేత్తో ఇట్లా ఉంది: బోరు వేశారు, నీళ్ళు పడ్డవి, అవీ ఫ్లోరిన్ నీళ్ళే. ఆ పక్కన టిక్కూ లేదు, 'కా' కూడా లేదు. ఏ గుర్తు పెట్టాలో ఆయనకు తోచలేదు. గుమాస్తా గారిని అడిగితే, ఆ గడి దగ్గర తాతయ్య చాలాసేపు కూర్చున్నారని చెప్పారు.

ఇంకొకటి గమనించాను. రెండు దఫాల మధ్య తాతయ్య ఓడిపోయిన ఏళ్ళున్నాయి. నంబర్లు ఆగలేదు. పదవి లేని మనిషికి జనం రాస్తూనే ఉన్నారు, ఆయన ఎర్ర నంబరు వేయిస్తూనే ఉన్నారు. సాగర్ కుడికాలువ నీళ్ళు తమ మెట్టకు ఎక్కవా అని అడిగినవీ, కొండలకు అవతల కృష్ణ నీళ్ళను సొరంగంలోంచి తేలేరా అని అడిగినవీ ఆ ఏళ్ళవే. కృష్ణ నీళ్ళను అట్లా సొరంగంలోంచి తేవడానికి తలపెట్టిన, పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ ఆలోచన వేలిముద్రల కాగితాల్లో అంతకు చాలా ముందునుంచే ఉంది.

ఇవి ఎక్కడ ఉంచాలన్నది పెద్ద ప్రశ్న అయింది. మొదట ఒక సంస్థకు రాశాం. ప్రముఖుల ఉత్తరాలుంటే అంతవరకు పంపండి, అర్జీలు మాకొద్దు అన్నారు. ఆ అరవై ఉత్తరాలు ఇచ్చేస్తే పని తేలికయ్యేది, మామయ్యకూ అదే నచ్చింది. రిజిస్టరు చూడకముందైతే నేనూ సరేననేదాన్నేమో. చూశాక నా వల్ల కాలేదు. కొన్నాళ్ళకు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాళ్ళు మనిషిని పంపి, రెండు రోజులు కూర్చుని చూసి, మొత్తం తీసుకుంటామన్నారు. వరస మార్చకూడదు, అమ్మకూడదు, స్కాన్ ప్రతి మాకూ ఇవ్వాలి, ఈ మూడూ ఒప్పందంలో రాయించాం.

ఒప్పందం రాసేటప్పుడు నాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఉత్తరం మన ఇంట్లో ఉన్నంత మాత్రాన అందులోని మాటలు మనవి కావు. కాగితం మనది, రాత మీద హక్కు రాసినవాళ్ళది. వాళ్ళు పోయిన తర్వాత వాళ్ళ వారసులది. చూడనివ్వడం వేరు, అచ్చువేయడం వేరు. అందుకే ఈ వ్యాసంలో ఒక్క అర్జీని కూడా ఉన్నదున్నట్టు ఎత్తి రాయలేదు.

మామయ్యకూ నాకూ మాట పట్టింపు వచ్చింది మాత్రం 31వ మూట దగ్గర. అందులో పార్టీ ముఠాల ఉత్తరాలున్నాయి. టిక్కెట్టు ఎవరికి, ఎవరిని ఎట్లా తప్పించాలి, ఎవరికి ఎంత ముట్టింది. వాళ్ళ పిల్లలు ఇప్పటికీ మా చుట్టుపక్కలే ఉన్నారు, పెళ్ళిళ్ళకు పిలుపులున్నాయి. తగలబెట్టేద్దాం అన్నాడు మామయ్య. వద్దని నేను. వారం రోజులు మాటల్లేవు. ఆయన భయం అబద్ధం కాదు. ఆ కాగితాలు రేపు ఎవరి చేతికో చిక్కితే మాట పడేది ఆయనే గదా. సార్‌నే మళ్ళీ అడిగాం. మూసి పెట్టొచ్చు, సీలు వేసి ఇన్నేళ్ళదాకా తెరవకూడదని రాయొచ్చు అన్నారు. 25 ఏళ్ళకు మామయ్య ఒప్పుకున్నాడు. మూటకు లక్క వేసిన రోజు ఆయనే కొవ్వొత్తి పట్టుకున్నాడు.

ఇంకో చిన్న కట్టకు మేం పెట్టిన గడువు అంతకంటే ఎక్కువ. అవి ఆడవాళ్ళు రాసినవి. మొగుడు వదిలేశాడని, బావగారు పొలం రాయించుకున్నాడని, ఇంకా నేను రాయలేనివి. కలెక్టరుకు చెప్పుకోలేనివి, పుట్టింటికి చెప్పుకోలేనివి ఎమ్మెల్యేకు రాశారు. కొన్నింటి మీద 'అమ్మగారికి చూపవలెను' అని తాతయ్య రాత, అంటే మా అమ్మమ్మకు. వాటి జవాబులు అమ్మమ్మ రాసిందో, మనిషిని పంపిందో, రిజిస్టరులో లేదు. వాటికి ఎర్ర నంబరు కూడా వేయలేదు. కేటలాగులో మేం ఊరి పేరు, మనిషి పేరు తీసేసి 'కుటుంబ విషయం' అని మాత్రం రాశాం. తాతయ్య పేరు చెబితే నియోజకవర్గం తెలుస్తుంది, నియోజకవర్గం తెలిస్తే ఊళ్ళు తెలుస్తాయి. నేను పేరు రాయకపోవడానికి కారణం ఇదే.

స్కానింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గ్రంథాలయం వాళ్ళే యంత్రం తెచ్చారు, 400 డీపీఐ, వెనకవైపు కూడా తప్పనిసరి. చేతిరాత తెలుగును యంత్రం చదవలేదు కాబట్టి కేటలాగు మనిషే చేయాలి. రాత్రి అన్నాలయ్యాక నేను చదువుతుంటే అమ్మ రాసేది. తెలిసిన ఇంటిపేరు వచ్చినప్పుడల్లా పెన్సిలు పక్కన పెట్టి ఆ ఇంటి కథ మొత్తం చెప్పేది. ఆ కథలు కూడా వేరే పుస్తకంలో రాసుకున్నాను, అవి ఒప్పందంలోకి రావు.

2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, వ్యాను వచ్చింది. మూటలన్నీ ఆమ్లం లేని అట్టపెట్టెల్లోకి మారాయి. పంచె గుడ్డలు, నవారు కూడా పారేయకుండా వేరే పెట్టెలో పెట్టించాను. రిజిస్టరు ఇవ్వడానికి గుమాస్తా గారు కందుకూరు నుంచి మనవడి బండి మీద వచ్చారు. పుస్తకాలు నా చేతికి కాదు, గ్రంథాలయం మనిషి చేతికిచ్చి, రసీదు రాయించుకుని, రసీదు మీద నంబరు వేయమన్నారు.

రిజిస్టరులో ఉండి కాగితం దొరకనివి 340 పైచిలుకు. పాత పేపర్ల బండికి వెళ్ళినవి కొన్ని, చెదలకు పోయినవి కొన్ని. ఒక్కో దానికీ ఖాళీ ఫోల్డరు పెట్టి, బయట నంబరు, ఊరు, తేదీ, సంగతి రాశాం. ఎందుకు ఖాళీవి పెట్టడం, చోటు దండగ గదా అని గ్రంథాలయం కుర్రాడు అడిగాడు. నంబరు ఉంది గదా బాబూ అన్నాను.

అందులో 1,212 ఒకటి. చెరువు కట్ట తెగిన సంగతి, జవాబు పంపినట్టు సున్నా చుట్టి ఉంది. పోయిన నెలలో ఆ ఊరినుంచి ఒకాయన అమ్మకు ఫోన్ చేశాడు. ఎవరి ద్వారానో విన్నాడట. వాళ్ళ నాన్నకు ఎమ్మెల్యే గారు రాసిన ఉత్తరం ఒకటి దేవుడి పటం వెనక ఉందని, చెరువు గురించేనని, చివర ఏదో నంబరు కూడా వేసి ఉందని చెప్పాడు. అంటే తాతయ్య రాసిన జవాబుల అసలు ప్రతులు మా ఇంట్లో లేవు, ఆ పల్లెల్లో ఉన్నాయి. ఈ మాట మాకెవరికీ అంతదాకా తట్టలేదు.

వచ్చే ఆదివారం వెళుతున్నాం. పటం వెనకనుంచి తీయొద్దని, మేం వచ్చేదాకా అట్లాగే ఉంచమని ఆయనకు చెప్పాను. బ్రష్షు, పెన్సిలు, ప్లాస్టిక్ పట్టీ సంచిలో పెట్టుకున్నాను.